చీటీ మీద సంతకం

"ఈ నాలుగు వందల చీటీల మీదా సంతకం గీకి పడెయ్యవయ్యా. బెల్టులు మధ్యాహ్నానికి కుట్టు పూర్తయి వస్తాయి."

సూపర్‌వైజరు చీటీల కట్టను బల్ల మీద పెట్టాడు.

కొత్తాయన పెన్ను ముట్టుకోలేదు.

"బెల్టులు రాకముందే ఎలాగండీ?"

"ఎలాగేమిటి, చేత్తోనే!"

కుట్టుమిషన్ల దగ్గర నవ్వులు పేలాయి.

ఎత్తయిన భవనాల మీద పనిచేసేవాళ్ళు నడుముకు కట్టుకునే బెల్టులు తయారుచేసే చోటు అది. ప్రతి బెల్టునూ కొక్కేనికి తగిలించి, ఇసుక బస్తా వేలాడదీసి చూడాలి. తెగకపోతే చీటీ మీద సంతకం పెట్టి బెల్టుకు కుట్టాలి. అది రూలు. పొద్దున్నే టీ తాగుతూ చీటీలన్నిటి మీదా ముందే సంతకాలు చేసి పెట్టుకోవడం అలవాటు. రూలు గోడకు వేలాడుతుంటే, అలవాటు బల్ల దగ్గర కూర్చుని పని కానిచ్చేది.

కొత్తాయన చేరి రెండు నెలలైనా, బెల్టులు పరీక్షించే పని చేతికొచ్చింది ఆ రోజే. మితభాషి. అన్నం డబ్బా పక్కన చిన్న బైబిలు పెట్టుకుని చదువుకునేవాడు. ఎవరికీ ఒక్క బోధ చేసిన పాపాన పోలేదు. అయినా అందరూ వెటకారంగా "పాస్టరుగారూ" అనేవారు.

"పరీక్షించాను అని రాసి ఉందండీ దీని మీద. చూడకుండా పెడితే అబద్ధమే కదా. రోజూ బైబిలు చదువుకుంటూ అబద్ధం కింద సంతకం పెట్టలేనండి."

"మా కుట్టు మీద అంత అనుమానమా?" అంది కుట్టుపనివాళ్ళలో పెద్దావిడ.

"కుట్టు కంటికి బాగానే ఉంటుందమ్మా. బరువు పడితేనేగా తెలిసేది!"

"నలుగురితో పాటు నారాయణా అనాలి నాయనా. నీ ఒక్కడికే ఉన్నాడా దేవుడు?"

బెల్టులు వచ్చాక ఆయన ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించాడు. సాయంత్రానికి తొంభై అయ్యాయి. రెండు తెగాయి.

తెగినవాటిని చూసి ఎవరూ భయపడలేదు. అందరికీ ఒళ్ళు మండింది.

ఆలస్యమైందని ఆ వారం అందరి సెలవూ రద్దు చేశారు. మర్నాటి నుంచి ఆయనతో మాటలు బంద్. ఆయన అన్నానికి కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయిపోయేది. ఒకరోజు ఆయన బైబిలు చెత్తబుట్టలో కనిపించింది. తీసి, దులిపి, ఎప్పటిలాగే డబ్బా పక్కన పెట్టుకున్నాడు.

సూపర్‌వైజరుకు ఆయన మీద కోపం లేదు. లోలోపల ముచ్చటగానే ఉండేది. కానీ మేనేజరు రోజూ ఫోనులో వాయించేస్తున్నాడు.

"సంతకం పెట్టిస్తావా, వాణ్ణి పంపించేస్తావా? చేతకాకపోతే నువ్వే ఇంటికి పో!"

చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు కళ్ళముందు మెదిలారు. కొత్తాయన్ని గదిలోకి పిలిచాడు.

"ఒక్క వారం కళ్ళు మూసుకోవయ్యా. నీ దేవుడు ఆమాత్రం క్షమించడా?"

"దేవుడు క్షమిస్తాడండీ. బెల్టు క్షమించదు."

"అయితే నువ్వు వెళ్ళిపోవాల్సిందే. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆయన పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"మరి రేపట్నుంచి బెల్టులు ఎవరు చూస్తారండీ?"

పని పోయినవాడు అడగాల్సిన మాట కాదది. సూపర్‌వైజరుకు సిగ్గేసింది.

"నేనే చూస్తాను. ఒక్కొక్కటీ వేలాడదీసి చూశాకే సంతకం పెడతాను. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు వద్దండీ. మీరు చూస్తానన్నారు, అది చాలు."

డబ్బా, బైబిలు సంచిలో వేసుకుని బయల్దేరాడు. గేటు దాకా ఒక్కరూ తోడు రాలేదు.

సూపర్‌వైజరు మూడు రోజులు నిజంగానే చూశాడు. నాలుగో రోజు మేనేజరు ఫోను చేశాడు. ఐదో రోజు పొద్దున టీ తాగుతూ చీటీల కట్ట ముందేసుకున్నాడు. మొదటి సంతకం దగ్గర ఒట్టు గుర్తొచ్చింది. పదో సంతకం నాటికి, టీ చల్లారిపోతోందన్న బెంగ తప్ప ఇంకేమీ మిగల్లేదు.

మూడు నెలల తర్వాత ప్రమాదాలు విచారించే ఆఫీసరమ్మ వచ్చింది. తెగిన బెల్టు ఒకటి బల్ల మీద పెట్టింది.

"గోడలకు రంగులేసే మనిషి. పదకొండో అంతస్తు నుంచి పడి అక్కడికక్కడే పోయాడు. చీటీ మీద సంతకం మీదేనా?"

సూపర్‌వైజరు చీటీ తిప్పి చూశాడు.

"సంతకం నాదేనండీ. పరీక్ష మాత్రం నేను చెయ్యలేదు."

"మరెవరు చేశారు?"

నిజం గొంతుదాకా వచ్చింది. పిల్లలు గుర్తొచ్చారు. మింగేశాడు.

"ఇదివరకు ఒకాయన ఉండేవాడు మేడమ్. ఎప్పుడూ బైబిలు చదువుకునేవాడు. ఆయన చూశానంటేనే నేను నమ్మి పెట్టాను. తప్పంతా ఆయనదే."

తలుపు అవతల కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ మాట అందరూ విన్నారు. ఒక్కరూ కాదనలేదు.

"ఆయన ఇప్పుడెక్కడున్నారు?"

"తెలీదు మేడమ్."

ఆవిడ ఫైలు తెరిచింది.

"బెల్టు కట్టుకునే ముందు ఒకసారి బరువేసి చూసుకోమని తోటివాడు చెప్పాడట. చనిపోయినాయన చీటీ చూసి, 'ఈ సంతకం నేనెరుగుదును, చూడందే పెట్టరు' అని పైకెక్కాడట," అంటూ ఫైలులోంచి ఫొటో తీసి అతని ముందు పెట్టింది.

ఫొటోలో ఉన్నది కొత్తాయనే.