అవతలి జట్టు మనిషి

“ఒరే ఏడో నెంబరోడా! బంతి బుట్టలో ఎయ్యమంటే ఆకాశానికి ఎగరేస్తావేమిరా? పోయి టమాటాలు ఏరుకోపోరా!”

గ్యాలరీ పైమెట్టు మీద నుంచి ఆ గొంతు మళ్ళీ లేచింది.

అంతే. హోసూరు జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆ మనిషి మీద విరుచుకుపడ్డారు. తమిళంలో కొందరు, కన్నడంలో కొందరు, తెలుగులో కొందరు. ఎవరికి వచ్చిన తిట్లు వాళ్ళు తిట్టారు.

కోర్టు పక్కన నిలబడిన తిలక్ పళ్ళు కొరికాడు.

రెండు వేల ఒకటో సంవత్సరం అది. తాతల నాటి బట్టల అంగడి మూసేసి మరీ తిలక్ ఈ బాస్కెట్‌బాల్ లీగు పెట్టాడు. ప్రతి ఆదివారమూ ఆట, గేటు దగ్గర టికెట్టు, కోర్టు చుట్టూ అంగళ్ళ బోర్డులు. బంతాటతో బతుకుతావా అని నవ్విన చుట్టాల నోళ్ళు మూయించాలని అతని పంతం.

మొదటి రెండు వారాలూ మైకు దగ్గరే రభస. స్కోరు ముందు ఏ భాషలో చెప్పాలని జనం కలబడ్డారు. మూడో వారం నుంచి ఆ ఊసే లేదు. అంతా తన తెలివేనని తిలక్ మురిసిపోయాడు.

కానీ ఆ మూడో వారమే ఈ పైమెట్టు శని దాపురించింది. ధర్మపురి వాళ్ళొస్తే ధర్మపురికి జై. కోలారు వాళ్ళొస్తే కోలారుకు జై. హోసూరు పిల్లలకు మాత్రం తిట్లు.

లీగుకు అండగా ఉన్న మోటారు పంపుల డీలరు విశ్వేశ్వరయ్య ఆ రోజు భార్య మనోరమను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె మొహం ముడుచుకుంది.

“ఏమప్పా తిలక్, ఆడోళ్ళు కూసోని ఉండారు, ఈ అరుపులేమి? గలాటా లేకుండా సీజన్ ముగిస్తేనే వచ్చే ఏడు నా బోర్డు. లేకుంటే నన్ను మర్చిపో.”

ఆ బోర్డు లేకపోతే లీగే లేదు.

తిలక్‌కు ఎప్పటినుంచో అనుమానం. కృష్ణగిరిలో మామిడి మండీ నాగేశప్ప కూడా ఈ ఏడే శనివారాల లీగు మొదలుపెట్టాడు. వీడు వాడి మనిషే. తన వ్యాపారం చెడగొట్టడానికే పంపాడు.

విసవిసా మెట్లెక్కాడు.

“ఏయ్, యా ఊరు నీది?”

“అత్తిముగమప్పా. కదిరప్ప అంటారు.”

అంతసేపూ అరిచిన మనిషి, దగ్గరికి పోతే మెత్తగా మాట్లాడాడు. సేద్యం చేసి మొరటుబారిన చేతులు, భుజాన తువాలు.

“నిన్నెవరు పంపినారో నాకు తెలుసులే. లెయ్!”

“నన్నెవరు పంపుతారప్పా? టికెట్టు కొనే వచ్చినాను.”

“ఇంతమంది తిడతా ఉండారు, సిగ్గు లేదా నీకు?”

“తిట్టనీప్పా. నన్నే గదా తిడతా ఉండేది.”

ఆ జవాబుకు తిలక్ ఒళ్ళు మండిపోయింది. మెడ పట్టుకొని మెట్లు దింపాడు. జనం ఈలలు వేశారు. కదిరప్ప పెనుగులాడలేదు.

గేటు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

“ఆట నిలపొద్దప్పా, జరగనీ,” అని వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం గ్యాలరీ చప్పగా ఉంది. జనం మాటిమాటికీ పైమెట్టు వైపు చూశారు. తిట్టడానికి అక్కడ ఎవరూ లేకపోయేసరికి మైకు వైపు తిరిగారు.

“ఏమప్పా, స్కోరు ముందు తెలుగులో చెప్పల్ల గదా?” అన్నాడొకడు.

“తమిళంలో చెప్పినాకనే ఏదైనా,” అన్నాడు ఇంకొకడు.

కన్నడం మాట మూడోవాడు ఎత్తాడు.

ఆ పై ఆదివారం కుర్చీలు లేచాయి. మైకు విరిగింది. రెఫరీ తల పగిలింది. పోలీసులు వచ్చి గ్రౌండుకు తాళం వేశారు. విశ్వేశ్వరయ్య ఆ సాయంత్రమే తన బోర్డు ఊడదీయించుకొని పోయాడు. తిలక్ లీగు సీజన్ నడుమే చచ్చిపోయింది.

గెంటేశారన్న పగతో కదిరప్పే జనాన్ని ఎగదోసి ఉంటాడని తిలక్ తేల్చుకున్నాడు. కోపం నెత్తికెక్కి, తెల్లారి మొదటి బస్సుకే కృష్ణగిరిలో దిగాడు.

నాగేశప్ప మండీలో మామిడి బుట్టల మధ్య కూర్చొని ఉన్నాడు.

“నీ మనిషిని పంపి నా లీగును నాశనం చేస్తివి గదా!”

“యా మనిషి?”

“అత్తిముగం కదిరప్ప! పైమెట్టు మీద కూసోని మా పిల్లోళ్ళను తిట్టినోడు!”

నాగేశప్ప దిగ్గున లేచాడు. అతని కళ్ళలోనూ నిప్పులే.

“వాడు నీ మనిషి గదప్పా! శనివారమొస్తే చాలు, మా ఆట కాడ కూసోని కృష్ణగిరి పిల్లోళ్ళను తిట్టని తిట్టు లేదు. నువ్వే పంపినావని నెల కిందట నేనూ గెంటిస్తిని!”

తిలక్ కోపం చప్పున దిగిపోయింది.

“మరి... నీ లీగు?”

నాగేశప్ప మళ్ళీ బుట్టల మధ్య కూలబడ్డాడు.

“యాడిది లీగు? ముందు వరస కుర్చీల కోసం మా మండీ వాళ్ళకూ కోట వీధి వాళ్ళకూ మొదట్నించీ పడదు. ఆయన ఉన్నన్నాళ్ళూ అందురూ ఒకటై ఆయన్ని తిడతా ఉండ్రి. ఆయన పోయినాక వాళ్ళల్లో వాళ్ళే కొట్టుకొనిరి. నేనూ మూసేస్తిని.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరి మీదికి ఒకరు పంపిన శత్రువనుకొని ఇద్దరూ గెంటేసిన ఆ రైతే, రెండు ఊళ్ళ జనం కోపాన్నీ తన మీదికి తిప్పుకొని ఇన్నాళ్ళూ రెండు లీగులనూ నడిపినవాడు.