వదలని ట్రే

పక్షవాతం వచ్చిన ప్రతి ఇంట్లోనూ అప్పటికి ఆ మాట్లాడే చక్రాల కుర్చీలే ఉండేవి. మనిషి ఒరిగిపోకుండా ఒడిమీది ట్రే పట్టుకునేది. ఒళ్లు నిలకడగా ఉంటేనే అది వదిలేది, చక్రాలు కదిలేవి.

ఆ ఉదయం వంటింట్లో నూనె మూకుడు అంటుకుంది. సలోమి పరుగెత్తుకొచ్చి అక్క ఎస్తేరమ్మ కుర్చీని లాగింది. చక్రాలు కదలలేదు.

“మీరు వణుకుతున్నారు. కుదుటపడ్డాక తెరుస్తాను,” అంది ట్రే.

ఎంత గుంజినా ట్రే ఊడి రాలేదు. పొగ గదిలోకి వచ్చేసింది. ఎస్తేరమ్మకు వణుకు ఎక్కువైంది.

సలోమి గుంజడం మానేసింది. వెనక నిలబడి, రోజూలాగే అక్క జుట్టు విప్పి చిక్కు తీయసాగింది. “కళ్లు మూసుకో అక్కా. జడేస్తున్నా, అంతే.”

ఎస్తేరమ్మ భుజాలు మెల్లగా సడలాయి. ట్రే తెరుచుకుంది. సలోమి ఆమెను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది.

మంటలార్పాక పక్కింటాయన తన తల్లి కుర్చీ తెచ్చాడు. ఎస్తేరమ్మ వద్దంది, అరుగుమీదే కూచుంది.

“ఒరిగిపోతావక్కా!”

“ఒరిగితే నువ్వు పట్టుకో.”