నాలుగో కాలువ

పెద్దాయన మళ్ళీ వచ్చాడు.

ఏడాదిలో ఇది మూడోసారి. అదే పన్ను, అదే బుగ్గ పట్టుకుని.

అద్దాల తలుపులోంచి ఆయన్ని చూడగానే డాక్టరమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఆ పై దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసింది తనే. చేసిన రోజు "ఇక ఈ జన్మకి దీని సంగతి మర్చిపోండి" అని భరోసా ఇచ్చిందీ తనే.

"నోరు తెరవండి."

చిగురు మీద మళ్ళీ చీము పొక్కు. ఎక్స్‌రే తీస్తే వేరు కొసన మినపగింజంత నల్లటి మచ్చ. పోయినసారి కంటే పెద్దదైంది.

"మానలేదండీ," అంది, అదేదో ఆయన తప్పైనట్టు.

"ఇప్పుడేం చేద్దామమ్మా?"

"మూడు దారులున్నాయి. పైన తొడుగు తీసి, లోపల నింపిందంతా తోడేసి, మళ్ళీ శుభ్రం చేయడం ఒకటి. చిగురు కోసి, వేరు కొస కత్తిరించి, అక్కడ మూసేయడం ఇంకోటి. రెండూ కాదంటే పన్ను తీసేయడం."

"మొదటిదే చేద్దాం తల్లీ. బుగ్గ వైపు ముందు వేరుంది చూడు, అందులో నరం వెళ్ళే ఇంకో కాలువ ఉండుంటుంది. అంగిలి వైపుకి జరిగి దాక్కుంటుంది. నువ్వు మూడే నింపావు. నాలుగోది ఉండిపోయింది."

పళ్ళెంలో సామాను సర్దుతున్న నర్సు చెయ్యి ఆగిపోయింది.

డాక్టరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అందులోనూ నర్సు ఎదురుగా.

"ఫోన్లో వీడియోలు చూసొచ్చారా పెద్దాయనా?"

"నాకా ఫోన్లు చేతకావమ్మా."

"మరి?"

"ఏదో... కాసిని పళ్ళు చూసినవాణ్ణి," అని నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండింది. మళ్ళీ తెరిస్తే, ఆ నాలుగోది నిజంగానే కనబడితే? ఆ భయం కూడా లేకపోలేదు.

"వేరు చీలినట్టుందండీ. చీలితే ఏం చేసినా లాభం లేదు. తీసేయడమే."

"చీలిక కనబడిందా అమ్మా?"

"ఎక్స్‌రేలో అన్నీ కనబడవు."

ఆ మాట నిజమే. కానీ ఆమె చీలికని వెతకనే లేదు. చీలికైతే తప్పు పన్నుది, కాలువైతే తనది.

పెద్దాయన నాలుకతో ఆ పన్నుని ఒకసారి తడుముకున్నాడు.

"నా కట్టుడు పళ్ళ కొక్కెం తగిలేది ఈ పన్నుకేనమ్మా. ఇది పోతే సెట్టు నిలవదు. గట్టిది కొరకడం ఇక అయిపోయినట్టే."

"కొత్త సెట్టు చేయిద్దాం లెండి."

"ఈ దవడకి కొత్తది పట్టదు తల్లీ. ఎముక అరిగిపోయింది."

ఆమె గడియారం వైపు చూసింది. అది ఆయన కూడా చూశాడు.

"సరే, తీసెయ్. ఒక్కటి మాత్రం చెయ్యి. పన్ను పారెయ్యకు. నిలువునా కోసి చూడు. చీలికే ఉంటే పొరపాటు నాదే."

మత్తు సూది ఇచ్చి పీకింది. మూడు వేర్లతో సహా పన్ను చెక్కుచెదరకుండా వచ్చింది. ఎక్కడా సన్నని గీత కూడా లేదు. ఆమె అది చూసింది. చూసీ నోరు మెదపలేదు.

ఆయన నోటి నిండా దూది. మాట్లాడలేక, అరచేతిని గాల్లో నిలువుగా ఆడించి చూపించాడు. కొయ్యి, అని.

ఆమె తలూపింది.

వారం తర్వాత రమ్మంటే ఆయన రాలేదు.

పన్ను చిన్న సీసాలో, కిటికీ గట్టు మీద ఉండిపోయింది. చేతులు కడుక్కున్నప్పుడల్లా కళ్ళబడేది. "పారేయనా మేడమ్?" అని నర్సు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వద్దంది.

మూడో వారం ఒక మధ్యాహ్నం, రావాల్సిన పేషెంటు రాకపోతే, కోత చక్రం బిగించుకుని కూర్చుంది.

పన్ను కోయడం ఆమెకి పెద్దగా అలవాటు లేదు. కాలేజీ ల్యాబులో ఒకాయన కోసి పెట్టేవాడు. తలా ఒక అగ్గిపెట్టె, అందులో రెండు చెక్కలుగా కోసి ఎర్రదారంతో కట్టిన పన్ను. కోసేటప్పుడు పొడి ఎగురుతుందని ఎప్పుడూ కళ్ళదాకా గుడ్డ కట్టుకునే ఉండేవాడు. పిల్లలంతా దుమ్ము మామ అనేవాళ్ళు. ఆయన మొహం ఎవరూ చూడలేదు, పేరు ఎవరూ అడగలేదు.

పన్ను రెండు చెక్కలైంది.

బుగ్గ వైపు ముందు వేరులో, తను నింపిన కాలువ పక్కనే, అంగిలి వైపుకి జరిగి, వెంట్రుకంత నల్లటి గీత. తను ముట్టుకోని నాలుగోది. నిండా కుళ్ళు.

ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వెంటనే ఫోన్ చేసింది.

ఆయన కోడలు తీసింది.

"మామయ్యగారు ఇప్పుడే కాస్త నడుం వాల్చారండీ. ఆ పన్ను పోయినప్పట్నుంచీ సెట్టు డబ్బాలోనే ఉంది. అన్నీ మెత్తగా మెదిపి పెడుతున్నాను."

"ఆయనకి చెప్పండి... చీలిక లేదు. ఆయన చెప్పిందే నిజం. తప్పు నాది."

"మీరు ఫోన్ చేస్తారని అంటూనే ఉన్నారండీ. మా వీధి చివరే ఇంకో పళ్ళ డాక్టరున్నా వినేవారు కాదు. మీ బోర్డు చూసిన రోజు నుంచీ, 'మా పిల్ల' అంటూ రెండు బస్సులు మారి మీ దగ్గరికే వచ్చేవారు."

"నేనా... ఆయన పిల్లనా?"

"ఏమోనండీ, ఆయన అంతే. మీరు చేస్తే ఒక మాట చెప్పమన్నారు. ఆ రెండు ముక్కలూ విడిపోకుండా ఎర్రదారంతో కట్టి, అగ్గిపెట్టెలో దాచుకోమన్నారు. లేపమంటారా?"

డాక్టరమ్మ ఆ రెండు చెక్కల్నీ దగ్గరికి చేర్చి పట్టుకుంది.

చదువుకున్నన్నాళ్ళూ ఎవరెవరి పళ్ళో కోసి అగ్గిపెట్టెల్లో పెట్టి అందించిన దుమ్ము మామ, ఆమె నేర్చుకోకుండా వదిలేసిన ఆ ఒక్క పాఠానికి తన నోట్లో పన్నే ఇచ్చేశాడు.