ఒడ్డున మడిచిన తెరచాప

"చిన్నమ్మమ్మా, ఇది విన్నావా? చేరడాన్ని మన తీరపు భాషలో 'చెగార్' అంటాం, స్పానిష్‌లో 'యెగార్' అంటారు కదా, రెండూ ఒక్క లాటిన్ మాటలోంచే పుట్టాయట! ప్లికారే. అంటే మడత పెట్టడం!"

దోరిందా పూలు గుచ్చుతూనే నవ్వింది. "చేరడానికీ మడతకీ సంబంధమేంటే, పిచ్చిమొద్దూ?"

"తెరచాప!" ఇరియా ఆగలేకపోతోంది. "ఒడ్డుకొచ్చాకే కదా తెరచాప మడుస్తారు. అలా మడవడమే చేరడం అయిపోయిందట!"

దోరిందా చేతులు ఆగిపోయాయి.

ఆ రోజు జాలర్లని కాచే కార్మెన్ మాత పండగ. ఇంకాసేపట్లో పడవలన్నీ బయల్దేరి, సముద్రంలో పోయినవాళ్లకి దండలు వదులుతాయి. ఈ దండ ఆమె భర్త అమారోకి. అతని పడవ ఖాళీగా దొరికినప్పటి నుంచీ ఆమె నల్లబట్టలే కడుతోంది.

"అయ్యో, బాధపెట్టానా?" అంది ఇరియా.

"ఆ పడవని ముందు చూసింది నేనే. రాళ్ల వెనక ఇసుకలో ఉంది. తెరచాప చక్కగా మడిచి, తాడు చుట్టి ఉంది."

"అంటే... తాతయ్య ఒడ్డుకి..."

"చేరాడు. అటునుంచి అటే వెళ్లిపోయాడు. జనం వచ్చేలోగా తెరచాప విప్పి, పడవని నీళ్లలోకి తోసేశాను."

"ఎందుకు?"

"మునిగిపోయినవాడి పెళ్లానికి ఊరంతా తోడొస్తుందే. వదిలేసి పోయినవాడి పెళ్లానికి ఎవరొస్తారు?"

రేవులో పడవ కూత వినిపించింది.

"దండ పట్టుకో. నలగనీకు."

ఇరియా దండ ఎత్తుకుని వెంట నడిచింది. కింద ఆడవాళ్లు అప్పటికే చేతులూపుతున్నారు. దోరిందా కోసం మొదటి పడవలో, ఎప్పట్లాగే, ముందు చోటు ఖాళీగా ఉంచారు.