నిదానంగా పోనీరా

"మీ నాయన ఇంక లేడురా అబ్రారూ" అన్నాడు ఫోన్లో జాకీర్ చిన్నాయన. "ప్రొద్దుటూరు ఆస్పత్రి నుంచి జమ్మలమడుగుకు ఇంటికే తెచ్చినాం. సాయంత్రం అసర్ నమాజు దాకా పెట్టుకుంటాం, ఆ పైన కుదరదు. మీ అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పాకు. బండి మీంద నుంచి పడిపోతాది."

కదిరి దాటాక ఒక టీ అంగడి పక్కన, తడిసిన గోడకు ఆనుకుని అబ్రార్ ఆ మాట విన్నాడు. తెల్లవారక ముందు నుంచీ ముసురు. నాయన ఆస్పత్రిలో ఉన్నాడని, వాయుగుండానికి బస్సులు ఆపేస్తే, తల్లిని వెనక కూర్చోబెట్టుకుని బెంగుళూరు నుంచి బైకు మీదే బయలుదేరాడు. ముఖం మీది వాననీటిని తుడుచుకున్నట్టు కళ్లు తుడుచుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"ఎవురురా ఫోను?" అంది సైదాబీ. ఒంటికి శాలువా, దానిమీద ప్లాస్టిక్ పట్ట కప్పుకుని ఉంది.

"చిన్నాయన. నాయనకు ఇప్పుడు మేలంట."

"మాట్లాడినాడంటనా?"

"ఊఁ. నీళ్లడిగి తాగినాడంట."

ఆమె కొడుకు ముఖంలోకి కాసేపు చూసింది. "అట్లనా. అయితే తొందరేం లేదు. టీ తాగి పోదాం."

"ఇప్పుడు టీ ఏందమ్మా. ఆడ మనకోసం కాచుకోని ఉంటారు."

"ఉండనీలే. నీ చేతులు చూడు, ఎట్ల వణకతాండాయో."

ఎంత చెప్పినా వినలేదు. టీ అయ్యాక అంగడాయన దగ్గర పాత పేపరు అడిగి తీసుకుంది. చలిగాలి తగలకుండా దాన్ని కొడుకు చొక్కా లోపల ఛాతీకి పరిచింది. సంచిలోంచి మేజోళ్లు తీసి అతని చేతులకు తొడిగింది.

"వీటితో బ్రేకు పట్టుకోను రాదమ్మా."

"నిదానంగా పోతే బ్రేకుతో పనేముంది."

బండి కదిలింది. గాలి కోస్తోంది. మేజోళ్లు కాసేపటికే తడిసి, వేళ్లున్నాయో లేవో తెలియడం లేదు. తల్లి వణుకు అతని వీపుకు తెలుస్తూనే ఉంది. ముసలి ప్రాణం, చలికి తట్టుకోలేకపోతోంది అనుకున్నాడు.

"ఇంకేమన్నాడంట మీ నాయన?" అని అడిగింది చెవి దగ్గరికి వంగి.

"జొన్నరొట్టె తినాలని ఉందన్నాడంటమ్మా."

"పాలల్లో నానేసి పెట్టాల. నోట్లో పండ్లు లేవు కదా" అంది.

పులివెందుల దగ్గరపడుతుండగా అతను వేగం పెంచాడు. ముందు లారీని దాటబోతే, ఎదురుగా పొగమంచులోంచి ఇంకో లారీ వచ్చింది. బండి రోడ్డు దిగి, కంకరలో జారుతూ పోయి, ఒక ముళ్లకంపకు ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. సైదాబీ రెండు చేతులతో కొడుకు చొక్కాను గట్టిగా పట్టుకుని ఉంది.

"నిదానంగా పోనీరా. ఆలస్యమైనా ఏం కాదు."

"ఆలస్యమైతే నాయన్ను చూడను కూడా చూడలేమమ్మా" అనేశాడు విసుగుతో. అని, నాలుక కరుచుకున్నాడు. ఇప్పుడు ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

ఆమె అడగలేదు. చొక్కా మాత్రం వదల్లేదు.

ముద్దనూరు చేరేసరికి ముసురు వానైంది. అక్కడ దారి చీలుతుంది. ఒకటి ఆస్పత్రి ఉన్న ప్రొద్దుటూరుకు, ఒకటి ఇల్లున్న జమ్మలమడుగుకు. ఇంతదూరం వచ్చినా ఈ సంగతి అబ్రార్‌కు తట్టలేదు. ఇంటి దారి పడితే అమ్మకు తెలిసిపోతుంది. ఆస్పత్రి దారి పడితే ఆలోపే నాయన మన్నుకు పోతాడు. ఆమెకు ఆఖరి చూపు కూడా దక్కదు.

రోడ్డు పక్కన బండి ఆపాడు. హెల్మెట్ తీశాడు. వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

"అమ్మా... ఆస్పత్రికి..."

వాన హెల్మెట్ మీద టపటపా పడుతోంది. వెనక నుంచి తడిసిన చెయ్యి ఒకటి వచ్చి అతని భుజం మీద పడింది.

"ఆస్పత్రి దోవ వద్దురా, ఇంటికే పోనీ" అంది సైదాబీ. "బెంగుళూరులో మనం బండెక్కకముందే మీ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అంతదూరం బండి తోలాల్సినోనికి యాడ చెప్పేది?"