కిటికీకి కొట్టిన రేకు

ఎదురింటి మేడ మీద అద్దెకు దిగిన పెద్దమనిషి మళ్ళీ కన్ను కొట్టాడు.

వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు తోముతున్న వెల్డరు భార్య చేతిలో గిన్నె అక్కడే పడేసి లోపలికి వచ్చింది.

"ఇవాళ కూడా. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. మీకు చెప్పీ చెప్పీ నా నోరు పోతోంది," అంది మొగుడితో.

ఆ సందులో సగం కిటికీలకు గ్రిల్లు బిగించింది వెల్డరే. పనికెంత పేరో, కోపానికీ అంత పేరు.

మేడ మీదాయనంటే అతనికి ముందునుంచే మంట. ఆమధ్య షాపుకు వచ్చి, మీ వంటింటి గ్రిల్లులో నడిమి ఊచ వంగిందని మీ అమ్మగారు అంటున్నారు, నిజంగా వంగిందా అని అడిగాడు. అదైనా మొహం చూసి అడగలేదు. అతని చెవి పక్కనుంచి గోడకేసి చూస్తూ అడిగాడు.

ఊచ గొడవ ఇంట్లో రోజూ ఉన్నదే. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని కూరలు తరిగే తల్లిది ఒకటే పాట, ఆ ఊచ వంగిపోయిందిరా అని. వెల్డరు రసమట్టం పెట్టి చూపించాడు. దారానికి బరువు కట్టి వేలాడదీసి చూపించాడు. అయినా ఆవిడ వంగిందనే అంటుంది. కన్నతల్లే తన పనికి వంక పెడుతుంటే అతనికి ఒళ్ళు మండేది. కసిరేవాడు. సందు ఇరుకు కాబట్టి ఆ కసుర్లన్నీ ఎదురింటికి వినపడేవి.

అందుకే షాపులో ఆయన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"నా గ్రిల్లుకు వంకలు పెట్టడానికి వచ్చావా? నడువు ముందు."

ఇప్పుడు ఈ కన్ను కొట్టడం.

వెల్డరు సరాసరి మేడెక్కాడు. వినోదం చూడ్డానికి నలుగురు వెనకే ఎక్కారు.

"పొద్దున్నే మా కిటికీలో ఏం చూస్తున్నావు?"

"ఊచలు," అన్నాడాయన, మళ్ళీ గోడకేసి చూస్తూ.

"ఊచలు లెక్కపెట్టాలని అంత సరదాగా ఉంటే జైలుకే పంపిద్దాం," అన్నారు వెనకనుంచి ఎవరో.

"కోపం తర్వాత పడుదువుగాని బాబూ. మీ అమ్మగారు..."

"మా అమ్మను కూడా వదలవా?"

వెల్డరు చొక్కా పట్టుకుని గుంజాడు. ఆయన కళ్ళజోడు జారి కాళ్ళముందే పడింది. ఎదురుగా ఉన్నదాని కోసం ఆయన నేలంతా తడుముతుంటే, ఈ వేషాలకేం తక్కువ లేదన్నారు వచ్చినవాళ్ళు.

ఆ మధ్యాహ్నమే వెల్డరు వంటింటి కిటికీకి ఇనప రేకు పెట్టి, అంచులన్నీ వెల్డింగు చేసేశాడు. వెలుతురు పోతే పోయింది, పరువు దక్కిందనుకున్నాడు.

ఇంకో లాభం కూడా కలిగింది. ఊచలు కనపడకపోయేసరికి తల్లి నస ఆగిపోయింది.

ఆ తర్వాత ఆవిడ గ్లాసు పక్కన నీళ్ళు పోసినా, కూరతో పాటు వేలు తెగ్గోసుకున్నా, వంటిల్లు చీకటిగా ఉంది కదా అని సరిపెట్టుకున్నారు.

ఒకరోజు వెల్డరు పని మధ్యలో ఇంటికొచ్చాడు. తల్లి అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. అతను మాట్లాడకుండా ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరు బాబూ? మావాడు షాపులో ఉన్నాడు," అంది తల్లి.

కంటి డాక్టరమ్మ ఆవిడ చేతికి గళ్ళ కాగితం ఇచ్చింది. ఒక కన్ను మూసి చూడమంది. తర్వాత రెండోది మూసి చూడమంది.

తల్లి ముందు ఒక కన్ను మూసింది. తర్వాత రెండోది.

వెల్డరు, భార్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది నాకు వచ్చమ్మా," అంది తల్లి డాక్టరుతో. "ఎదురింటాయన కిటికీలోంచి రోజూ చేసి చూపించేవాడు. నేనూ చేసేదాన్ని. కుడికంటితో చూస్తేనే ఊచ వంగేది. వంగిందంటే చాలు, ఇంట్లో నామీద పడేవాళ్ళు. ఇంక చెప్పడం మానేశా."

డాక్టరమ్మ ఆవిడ చేతిలోని గళ్ళ కాగితం తీసుకుని పక్కన పెట్టింది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇది పెద్దవయసులో కంటి వెనక పొరకు, సరిగ్గా నడిమధ్యన వచ్చే జబ్బు. తిన్నటి గీత వంకరగా కనపడటమే మొదటి గుర్తు; ముదిరితే ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కచూపే మిగులుతుంది. అప్పుడే తీసుకొస్తే ఇంజెక్షన్లతో చాలావరకు ఆపగలిగేవాళ్ళు. కుడికంట్లో మచ్చ కట్టేసింది, ఇక చేసేదేం లేదు. ఎడమకన్ను కూడా కొంత మసకబారింది, దాన్నైనా నిలబెట్టాలి. రోజూ ఒక్కో కన్నూ మూసి ఏదైనా తిన్నటి గీతను చూడాలి, తేడా కనపడితే ఆ రోజే రావాలి.

"ఈ జబ్బు కుటుంబంలో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకూ రావచ్చు," అంది వెల్డరు జేబులోని సిగరెట్ పెట్టె చూస్తూ. "ముందు అది అవతల పారెయ్యండి, పొగ ఈ జబ్బును పెంచుతుంది."

ఇంటికి రాగానే వెల్డరు రేకు కోసేశాడు. కిటికీలోంచి వెలుతురు తల్లి ఒళ్ళో పడింది.

చేతులు కడుక్కోకుండానే ఎదురింటి మేడెక్కాడు. గదికి తాళం.

కింద ఇల్లుగలావిడ బయటికొచ్చింది. ఆయన గొడవ జరిగిన మర్నాడే ఖాళీ చేశాడంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదట.

"మా అమ్మ కోసమేనని మీరైనా ఒక్క మాట చెప్పకపోయారా పిన్నిగారూ?"

"ఆయన చెబితే విన్నావా, నేను చెబితే వినడానికి?"

వెల్డరు మెట్లు దిగి వచ్చాడు.

"రోజూ పొద్దున్నే నన్నే పిలిచి అడిగేవాడు, పెద్దావిడ కిటికీ దగ్గరికొచ్చి కూర్చుందా అమ్మా అని," అందావిడ. "మీ ఆవిడనే కాదు నాయనా, ఎదురుగా నిలబడ్డ ఏ మనిషి మొహమూ ఆయనకు కనపడక ఏళ్ళయింది."