గెలుపులు చేతివి, ఓటమి నూకరత్నానిది

ఇప్పుడు విశాఖ బేస్‌బాల్ లీగులో బంతి విసిరే పిచర్లందరి కుడిచేతికీ లీగు నడిపే కంపెనీ మరచెయ్యి తొడుగుతోంది. ఈ సీజనులో అందరికంటే ఎక్కువగా, ఇరవై రెండు మ్యాచులు గెలిపించిన పిచర్ నూకరత్నం. గెలుపుల పట్టికలో మొదటి పేరు మాత్రం మరచేతిది. సన్మానంలో దండ కూడా దానికే వేశారు. మోసింది ఈమె.

నిన్న జట్టు ఓడింది. పట్టికలో మొదటిసారి ఆమె పేరు పడింది, ఓటమి గడిలో.

ఆమె తిన్నగా కంపెనీ ఆఫీసుకెళ్లింది. "ఓడింది నానైతే గెలిసింది కూడా నానే గదా బాబూ. పేరు మార్సండి."

"చెయ్యి తప్పు చెయ్యదమ్మా," అన్నాడు మేనేజరు. "తప్పులు మనుషులవి."

నూకరత్నం మరచెయ్యి ఊడదీసి అతని బల్లమీద పెట్టింది. "అయితే రేపు ఫైనలుకి దీన్నే అట్టుకెళ్లండి. దార్లో టీ తాగించండి."

మేనేజరు దాన్ని పెన్నుతో పొడిచి చూశాడు. అది వేలైనా కదపలేదు. చివరికి పట్టిక తెరిచాడు.

"ఇంటిపేరేంటమ్మా?"